కళ్ళు మూసుకుని చెప్పిన తీర్పులు

కళ్ళజోళ్ళ దుకాణంవాడు మధ్యాహ్నం పూట కుర్చీలో కళ్ళు మూసుకోవడం నిన్నా మొన్నా మొదలైంది కాదు. దాని వెనక నాలుగు తరాల చరిత్ర ఉంది. ఎదురుగా మనిషి బేరమాడుతున్నా సరే, అద్దాలు తుడిచే గుడ్డ చేత్తో పట్టుకుని, గడ్డం రొమ్ముకి ఆనించి, "ఆలోచిస్తున్నాను" అంటాడు. ముత్తాత ఇరవై రెండేళ్ళు కోర్టులో జడ్జి గదిలో పనిచేశాడని ఇంట్లో చెప్పుకునేవారు. జడ్జి గదిలో జడ్జి కాక ఇంకెవరుంటారని తనే తేల్చేసి, ఆయనా ఇలాగే కళ్ళు మూసుకుని తీర్పులు చెప్పేవాడని వంశచరిత్ర రాసేశాడు. ఆదివారం బంధువులందరి ముందూ చదవాలి. రుజువు ఒక్కటే తక్కువైంది. ముత్తాత పనిచేసిన కోర్టున్న ఊళ్ళో జలపాతం ఉందని ఆశపెట్టి చిన్ననాటి స్నేహితుణ్ణి వెంట తీసుకెళ్ళాడు. జలపాతం ఎండిపోయింది గానీ కోర్టు రికార్డుల గది తెరిచే ఉంది. రిజిస్టరులో ముత్తాత పేరు మీద వేలు పెట్టి రెండుసార్లు చదువుకున్నాడు.

"ఏంట్రా, జడ్జేనా?" అన్నాడు స్నేహితుడు.

"గది జడ్జిదే. మావాడు అందులో తాడుతో పంకా లాగేవాడు."

"పోనీలేరా, ఇరవై రెండేళ్ళు గాలి విసరడమంటే మాటలా?"

"విసిరితే బాగానే ఉండేది. పనివేళ నిద్రపోతున్నాడని తీసేశారు." రిజిస్టరు మూసి తనే కిసుక్కున నవ్వాడు. "నేనాయన మునిమనవణ్ణేనని ఇంతకన్నా రుజువేం కావాలి? ఆదివారం ఇదే చదువుతాను."

తిరుగు ప్రయాణంలో, మొదటి వాక్యం ఎలా మార్చాలో ఆలోచిస్తానని బస్సులో కళ్ళు మూసుకున్నాడు. స్నేహితుడు ఆ ఆలోచనకు భంగం కలిగించలేదు. దిగాల్సిన చోటు దాటి నాలుగు స్టాపులు పోయాక కండక్టరు వచ్చి ఇద్దర్నీ లేపాడు.