భోజనాలకి పిలుపు

మా అపార్ట్‌మెంట్‌లో ఎవరింట్లో శుభకార్యమైనా ఇంగ్లీషు శుభలేఖ ముందు నా దగ్గరికే వస్తుంది. కాకినాడ కాలేజీల్లో ఇన్నేళ్ళు ఇంగ్లీషు చెప్పినందుకు నాకు మిగిలిన హోదా అదొక్కటే. ఎదురింటివాళ్ళమ్మాయి శుభలేఖ కూడా నేనే దిద్దాను. ప్రెస్సువాడు ‘టు’ ఉండాల్సినచోట ‘ఫర్’ కొట్టాడు. మార్చి పంపాను.

ఆ పిల్ల చిన్నప్పటి నుంచీ మా భోజనాలబల్ల దగ్గరే ఇంగ్లీషు నేర్చుకుంది. ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం. ఆఫీసులో నలుగురూ చేరి పార్టీల గురించీ ఫంక్షన్ల గురించీ మాట్లాడుకుంటుంటే తనకి నోరు పెగలదట. ఎక్కడ ‘ఎట్’ అనాలో, ఎక్కడ ‘టు’ అనాలో తేలక సగంలో ఆగిపోతుందట. పెళ్ళికని సెలవు పెట్టి వచ్చినప్పుడు రోజూ సాయంత్రం మా ఇంట్లోనే కూర్చునేది. పెళ్ళికి, పేరంటానికి, భోజనానికి అన్నిటికీ మనకొక్క ‘కి’ సరిపోతుంటే వీళ్ళకెందుకండీ ఇంత యాగీ అని విసుక్కునేది. వెళ్ళడానికి ‘టు’, అక్కడ ఉండడానికి ‘ఎట్’, ఎందుకోసమో చెప్పడానికి ‘ఫర్’ అంటూ తన పెళ్ళి మీదే వాక్యాలు కట్టించేదాన్ని.

ఒకరోజు పుస్తకం మూసేసి, “తలంబ్రాలప్పుడు మీరు నాకు కనపడేచోట ఉండాలి మేడం” అంది. అలాగేనమ్మా అన్నాను. ఆ మాట నాలో అలా ఉండిపోయింది. పిల్లల్లేనిదాన్ని. ఒక పెళ్ళి దగ్గరుండి చూసుకోవాలని ఎంత ఆశ పడ్డానో చెప్పలేను.

మావారు పోయి ఏడాది దాటింది. అంతకుముందు ఈ అపార్ట్‌మెంట్‌లో ఏ పేరంటమైనా మొదటి బొట్టు నాకే. బొట్టు పెట్టి పిలవకపోతే గడప దాటేదాన్ని కాదు, అంత బింకం. ఆయన పోయాక నా పిలుపులన్నీ వాట్సాప్‌లోకి దిగాయి. శ్రావణమాసంలో శుక్రవారాలు తలుపేసుకుని టీవీ ముందు కూర్చోవడం అలవాటు చేసుకున్నాను.

ఎదురింటావిడ పిలుపులకి బయల్దేరిన రోజున తోడికోడల్ని వెంటబెట్టుకుని, కుంకుమ భరిణ పట్టుకుని, పై అంతస్తు నుంచి ఒక్కో తలుపూ కొట్టుకుంటూ దిగింది. నేను కాస్త మంచి చీర కట్టుకుని సిద్ధంగా ఉన్నాను, సిగ్గు లేకపోతే సరి. బెల్లు మోగింది. ఆవిడ మంచిదే. మావారు ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ నాకు క్యారేజీ పంపింది ఆవిడే. అలవాటు కొద్దీ ఆవిడ చెయ్యి భరిణ మూత మీదికి వెళ్ళింది. తోడికోడలు చిన్నగా దగ్గింది. చెయ్యి వెనక్కి వచ్చేసింది. శుభలేఖ నా చేతిలో పెట్టి, నా మొహం చూడకుండా అంది:

“ముహూర్తం పొద్దున్నేనండి. మీకెందుకులెండి ఆ హడావిడి. మధ్యాహ్నం భోజనాలకి వచ్చేయండి మేడంగారూ.”

తప్పకుండా వస్తానండి అన్నాను. తలుపు వేసుకున్నాక ఒళ్ళు మండిపోయింది. అరవైకి దగ్గరపడ్డదాన్ని, నేనెదురుగా నిలబడితే ఆ పిల్ల కాపురం కూలిపోతుందా అని గోడల్ని తిట్టాను. తర్వాత ఏడ్చాను. తల్లి కదా, భయపడి ఉంటుందిలే అని సర్దిచెప్పుకున్నాను గానీ మనసు సర్దుకోలేదు.

కల్యాణమండపం సామర్లకోట దారిలో. పెళ్ళిరోజు తెల్లవారుతుండగానే కింద బస్సు వచ్చి ఆగింది. బాల్కనీలోంచి చూశాను. పట్టుచీరలు, పిల్లలు, పూలబుట్టలు అన్నీ ఎక్కాయి. బస్సులో వెనక సీట్లు ఖాళీగానే ఉన్నాయి. బస్సు వెళ్ళిపోయాక లోపలికొచ్చి గడియారం ఎదురుగా కూర్చున్నాను. ఇప్పుడు జీలకర్ర బెల్లం పెట్టుంటారు, ఇప్పుడు మంగళసూత్రం, ఇదిగో తలంబ్రాలు పోసుకుంటున్నారు అని నాకు నేనే చెప్పుకున్నాను. మధ్యాహ్నానికి ఆటో ఎక్కాను. ముద్ద గొంతు దిగలేదంటే అబద్ధం. ఆకలేసింది, తిన్నాను. పనసపొట్టు కూర ఆవ పెట్టి బాగా చేశారు. పెళ్ళికూతుర్ని ఫొటోల కోసం లోపలికి తీసుకెళ్ళారన్నారు. చెయ్యి కడుక్కుని వచ్చేశాను.

నెల తిరక్కుండానే ఆ పిల్ల బెంగళూరు నుంచి వీడియో కాల్ చేసింది. మర్నాటి నుంచి ఆఫీసట. పెళ్ళి గురించి అందరూ అడుగుతారు, ఏం చెప్పాలో తయారుచేసుకున్నాను, ఒకసారి వినండి అంది. మండపం గురించి, చుట్టాల గురించి, వంటల గురించి గడగడా చెప్పుకుపోయింది. ఎక్కడా తడబడలేదు. ఆఖరున నా గురించి కూడా ఒక వాక్యం రాసుకుందట. కెమెరా వైపు చూసి నవ్వుతూ చెప్పింది: “మై టీచర్ వాజ్ ఎట్ మై వెడ్డింగ్.”

అంతలోనే దానికి అనుమానం వచ్చింది. “తలంబ్రాలప్పుడు మీకోసం చూశాను మేడం. జనంలో కనపడలేదు. వెనకెక్కడో కూర్చున్నారు కదా? కరెక్టేనా నేను చెప్పింది?”

“కరెక్టేనమ్మా” అన్నాను. దిద్దడానికి అందులో ఏమీ లేదు. ఇంకొకసారి చెప్పమన్నాను.