రంగు మారని ట్యూబు

సోమవారం ఉదయం ల్యాబు తాళం తీస్తుంటే కొవ్వూరు నుంచి ఫోన్ వచ్చింది. మాస్టారు అద్దెకుండే ఇంటి ఓనరుగారి భార్య. "మీ మాస్టారు ఇంక రారమ్మా. పాలప్యాకెట్టు గుమ్మంలోనే ఉండిపోతే తలుపు తట్టాం. గుండెపోటన్నారు డాక్టరుగారు."

ఆయన రాజమండ్రిలో మా కాలేజీ మైక్రోబయాలజీ మాస్టారు. ఒంటరి మనిషి. నేను ఆయన దగ్గరే చదువుకుని, అదే ల్యాబులో డిమాన్‌స్ట్రేటరుగా చేరాను. ఎక్కడికైనా పోవాలని నెలకో దరఖాస్తు రాసేదాన్ని. ఆయన అందులో తప్పులు దిద్ది ఇచ్చేవారు. "వెళ్దువుగాని అమ్మాయ్. మైక్రోస్కోపుకి ముసుగు మాత్రం వేసి వెళ్లు."

ఆయనకు ఏళ్ల తరబడి కడుపులో మంట. మధ్యాహ్నం క్యారియర్‌లో మజ్జిగన్నమే. కిందటేడు ఎండోస్కోపీ చేయించుకుని, కడుపులోంచి తీసిన చిన్న ముక్కను తానే కలిపిన పసుపు ద్రావణంలో వేసి, ఆ ట్యూబు చొక్కా జేబులో పెట్టుకుని వచ్చారు.

"జేబులోనా మాస్టారూ?"

"ఒంటి వేడి ఉండగా ఇంక్యుబేటరు ఎందుకు?"

కిటికీ దగ్గర పట్టి చూపించారు. అప్పటికే గులాబీ రంగు. కడుపులో పుండ్లు పెట్టే బాక్టీరియా ఉంటేనే ఆ పసుపు అలా మారుతుంది. "ఎన్నాళ్ల నుంచి అద్దె లేకుండా ఉంటోందో చూడు" అని నవ్వారు.

ఆ రోజుల్లోనే ఒక వ్యాసం చదివి క్లాసులో చెప్పారు. ఈ బాక్టీరియా ఉన్నవాళ్లలో రక్తనాళాలు గట్టిపడటం కూడా ఎక్కువట. కడుపులో ఏళ్ల తరబడి ఉండే వాపు నాళాల గోడలకు చేటు చేస్తుందేమోనని అనుమానమట. పిల్లలంతా గబగబా రాసుకుంటుంటే ఆపేశారు. "ఇరుకిళ్లలో, మంచినీళ్లు లేనిచోట పెరిగినవాళ్లకి రెండు జబ్బులూ ఎక్కువే. ఏది దేనివల్లో ఇంకా తేలలేదు. కళ్లతో చూసింది రాయండి. అనుకున్నది పక్కన పెట్టండి."

మందులు పూర్తయిన కొన్నాళ్లకు మళ్లీ పరీక్ష చేయించుకున్నారు. ట్యూబు మర్నాటికీ పసుపుగానే ఉంది. దాని మీద తన పేరు, 'మార్పు లేదు' అని రాసి స్టాండులో పెట్టారు. ఆ మధ్యాహ్నం నా క్యారియర్ వైపు చెయ్యి చాపారు. "ఏదీ, ఆ ఆవకాయ ఇటు ఇవ్వు." కళ్లనీళ్లు కారుతున్నా వదలకుండా తిన్నారు. ఆ తర్వాత రోజూ ఆయన కోసం విడిగా ఓ ముద్ద తెచ్చేదాన్ని.

పోయిన శుక్రవారం మేడమెట్లు ఎక్కుతూ మధ్యలో ఆగిపోయారు. రొమ్ము కింద చెయ్యి. నుదుటి మీద చెమట.

"ఏమైంది మాస్టారూ?"

"నీ ఆవకాయే, ఇంకేంటి! పాత చుట్టం మళ్లీ దిగినట్టుంది."

నేను నవ్వాను. నవ్వుతూనే డెస్కు సొరుగులోంచి పుల్లతేన్పుల మాత్ర తీసిచ్చాను. చప్పరించి, పావుగంట కూర్చుని, కొవ్వూరు బస్సెక్కారు. గోదావరి వంతెన మీద మళ్లీ నొప్పి వచ్చిందో లేదో, శని, ఆదివారాలు ఎలా గడిపారో నాకు తెలియదు. అడగడానికి ఎవరూ లేరు.

పాత చుట్టం వెళ్లిపోయిందని మాకిద్దరికీ తెలుసు. ఋజువు స్టాండులోనే ఉంది. కడుపు కాకపోతే మరేంటని నేను అడగాల్సింది. కళ్లతో చూసింది నమ్మమని నేర్పిన మనిషి, ఆయన దగ్గర నేర్చుకున్న నేను, ఇద్దరం అలవాటైన నొప్పినే నమ్మాం. ఆయన గుండెకు ఆ బాక్టీరియా ఏమైనా చేసిందా అంటే చెప్పలేను. ఊరికే చెబితే ఆయన ఒప్పుకోరు. ఆ శుక్రవారం నేను అడగలేదన్నది మాత్రం చూసిందే కాబట్టి రాస్తున్నాను.

ఈ మధ్యాహ్నం క్యారియర్ విప్పితే ఆయన ముద్ద కూడా ఉంది. అమ్మ అలవాటుగా పెట్టేసింది. తినలేక లేచి ఆ ట్యూబు తీసి, ఆయన పట్టినట్టే కిటికీ దగ్గర పట్టాను. ద్రావణం సగానికి ఇగిరింది. రంగు మాత్రం ఇంకా పసుపే.