భద్రం పిన్నిగారి చెత్తబుట్ట

ఒక సోమవారం ఉదయం తొమ్మిదింటికి భద్రం పిన్నిగారు కళ్లు పరీక్ష చేయించుకోవడానికి వెళ్లారు. పదకొండింటికి మా కంపెనీ మెయిల్ సర్వర్ ఆగిపోయింది. ఈ రెండింటికీ మధ్య జరిగినదల్లా మర్యాదే.

మా ఆఫీసులో ఉత్తరాలు చూసే పిన్నిగారు సెలవు పెట్టడం నాకు తెలిసి అదే మొదటిసారి. "నేను లేనప్పుడు ఎవరైనా ఉత్తరం రాస్తే పలకకపోతే ఏమనుకుంటారు నాయనా?" అని బెంగపడితే, "అందింది, ధన్యవాదాలు, రేపు రాస్తాను" అని దానంతటదే జవాబు వెళ్లే ఏర్పాటు నేనే చేశాను. మాకు అద్దాలు పంపే గాజు కంపెనీలో కూడా ఎవరో సరిగ్గా అలాంటి ఏర్పాటే చేసుకున్నారు. వాళ్ల ఉత్తరం ఒకటి రాగానే మా యంత్రం ధన్యవాదాలు చెప్పింది. ధన్యవాదాలు చెప్పినందుకు వాళ్ల యంత్రం ధన్యవాదాలు చెప్పింది. మావాడు తగ్గలేదు. ప్రతి జవాబూ అంతకు ముందు జవాబులన్నిటినీ మూటగట్టుకుని మరీ బయలుదేరింది. రెండు గంటల్లో పదకొండు వేల ధన్యవాదాలు పోగుపడి, మా సర్వర్ నోరు వెళ్లబెట్టింది.

మర్నాడు పిన్నిగారు వచ్చి చూసి, చెంపన చెయ్యి వేసుకున్నారు.

"ఎంత మర్యాదస్తులో పాపం! ఒక్కటీ తియ్యకు నాయనా."

అదీ సంగతి. మా భద్రం పిన్నిగారు ఉత్తరం పారేయరు. కాగితం మీద వచ్చినా కంప్యూటర్లో వచ్చినా, మనిషి రాసినా మర రాసినా, ఉత్తరం ఉత్తరమే. వచ్చినదానికి జవాబు ఇవ్వాలి, ఇచ్చిన జవాబును దాచాలి. "భద్రం నాయనా" అనకుండా ఆవిడ మాట ముగించరు. ఆవిడ అసలు పేరు జీతాల పట్టీలో ఉంటుంది కానీ, ఆ పేరుతో పిలిచిన పాపాన ఎవరూ పోలేదు.

మాది తలుపులూ కిటికీలూ చేసే కంపెనీ. మొత్తం ఇరవై ముగ్గురం. మెట్ల కింద గదిలో, వార్నిష్ డబ్బాల పక్కన, ఒక టేబుల్ ఫ్యాను ఎదురుగా మా సర్వర్ ఉంటుంది. దాన్ని మేం ముసలాయన అంటాం. గొంతు సవరించుకున్నట్టు చప్పుడు చేస్తుంది కానీ ఏమీ చెప్పదు. నేను తలుపులకు మడతబందులు కొనే గుమాస్తాను. ఒకసారి ముసలాయన మొరాయిస్తే ప్లగ్గు పీకి మళ్లీ పెట్టాను. లేచి కూర్చున్నాడు. ఆ రోజు నుంచి కంపెనీలో కంప్యూటర్ నిపుణుణ్ణి నేనే.

ముసలాయన కడుపులో పట్టేది నలభై జీబీ. అందులో, ఈ ధన్యవాదాలు కాకుండానే, పిన్నిగారి మెయిల్‌బాక్స్ ఒక్కటే ముప్పై ఒకటి. మిగిలిన ఇరవై ఇద్దరమూ రైలు సీట్లో నాలుగో మనిషిలా ఒక మూల సర్దుకుని కూర్చున్నాం.

దాచడానికి ఆవిడకు హద్దంటూ లేదు. లాటరీ తగిలిందని దొంగ మెయిల్ ఒకటి వస్తే, "మేము టికెట్టు కొనలేదండీ. వేరెవరిదో పొరపాటున మాకు వచ్చినట్టుంది. పాపం వాళ్లు ఎదురు చూస్తుంటారు, త్వరగా వెతకండి" అని రాశారు. ఆ దొంగ మళ్లీ రాయలేదు. సిగ్గుపడి ఉంటాడని నా ఊహ. పరుపుల ప్రకటన వస్తే, "ప్రస్తుతం అక్కర్లేదు, అవసరమైతే ముందు మీకే చెబుతాం" అని రాసి, 'పరుపులు' అని ఫోల్డర్ పెట్టారు. మాట ఇచ్చాక నిలబెట్టుకోవద్దూ?

ఆ మంగళవారమే మా యజమాని నన్ను గదిలోకి పిలిచాడు. మంచివాడే. పిన్నిగారు 'బాబుగారు' అంటారు. వాళ్ల నాన్నగారి కాలంనుంచి పనిచేస్తున్న పిన్నిగారంటే గౌరవం, కొంచెం భయం. అందుకే ఆవిడతో చెప్పాల్సిన మాటలు నాతో చెబుతాడు.

"ఆసుపత్రి వాళ్లు నూట నలభై తలుపులకి ఆర్డరు మెయిల్లో పంపుతామన్నారు. అది వచ్చే రోజున సర్వర్ ఆగిందంటే మన పని గోవిందా. పిన్నిగారి బాక్సు శుక్రవారం అయిదింటికి అయిదు జీబీకి దిగాలి."

"కొత్త సర్వర్..."

"వచ్చే ఏడాది. దిగకపోతే మొత్తం తుడిచెయ్. మొదటి ఉత్తరం నుంచి నిన్నటి ధన్యవాదాల దాకా."

"ఆ మాట పిన్నిగారితో మీరు..."

"నువ్వే చెప్పు. నిపుణుడివి కదా."

చెప్పాను. పిన్నిగారు కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. "కుర్చీ తెచ్చుకో నాయనా. ఒక్కొక్కటీ చూసి తీద్దాం" అన్నారు.

ఆ ఒక్కొక్కటీ అన్న మాటలో ఎంత ప్రమాదం ఉందో నాకప్పుడు తెలియలేదు.

"పిన్నిగారూ, ఇది తొమ్మిదేళ్ల నాటి ఉత్తరం. కిటికీ బిగుసుకుపోయిందని రాశారు. తీసెయ్యనా?"

"మేస్త్రిని పంపాం. తర్వాత సరిపోయిందో లేదో ఆవిడ రాయలేదు. ఉండనీ."

"తొమ్మిదేళ్లయింది!"

"అందుకే అడగాలి." అడుగుతూ అప్పటికప్పుడు ఉత్తరం రాశారు. సాయంత్రానికి జవాబు వచ్చింది. కిటికీ బాగానే ఉంది, ఇప్పుడు తలుపు బిగుస్తోందట. తీయడానికి కూర్చున్నవాళ్లం రెండు పెంచి లేచాం.

పదకొండు వేల ధన్యవాదాల్లో నలభై చదివి, అన్నీ ఒకటేనని నమ్మకం కుదిరాక, "మొదటిది ఉంచి మిగతావి తియ్యి" అన్నారు. వాటిని పక్కన పెడితే, బుధవారం సాయంత్రానికి మేం తీసేసిన ఉత్తరాలు అక్షరాలా పదకొండు.

గురువారం పొద్దున నాకు ఓపిక పోయింది. ఆవిడ మంచినీళ్లు తెచ్చుకోవడానికి లేచిన సమయం చూసి చెత్తబుట్ట మీద నొక్కాను. లోపల రెండు జీబీ! అందరూ పారేసినవి అందులోకే పోతాయి కదా. ఇది ఖాళీ చేస్తే ఎవరికీ నష్టం లేదు. 'ఖాళీ చేయనా?' అని యంత్రం అడుగుతోంది. నా వేలు లేచింది. వెనకనుంచి నా మణికట్టు మీద ఒక చల్లటి చెయ్యి పడింది.

"అది ముట్టుకోకు!"

"ఇది చెత్తబుట్ట పిన్నిగారూ!"

"తెలుసు. ముఖ్యమైనవన్నీ అందులోనే ఉన్నాయి."

"ముఖ్యమైనవి ఎవరైనా చెత్తబుట్టలో పెట్టుకుంటారా?"

"బాబుగారు పారెయ్యమన్నారు, పారేశాను. బుట్ట ఖాళీ చెయ్యమని ఎప్పుడూ అనలేదుగా."

అంతలో ఫోన్ మోగింది. గాజు కంపెనీ మేనేజరు. సోమవారం నాటి ధన్యవాదాలకు సంజాయిషీ చెప్పుకుని, చివర్లో గాజు కోసే మనిషి మానేశాడని వాపోయాడు. పిన్నిగారు ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, చెత్తబుట్ట తెరిచి, రెండు నిమిషాలు వెతికారు.

"రాసుకోండి. నాలుగేళ్ల కిందట ఒకమ్మాయి మాకు రాసింది. అద్దం పని తెలుసు, చెయ్యి నిలకడ. ఇద్దరు పిల్లలు, పగటి పనే కావాలంది. మా దగ్గర అప్పుడు ఖాళీ లేదు... ఎక్కడ దొరికిందంటారా? మా చెత్తబుట్టలోనండీ. నంబరు మారిందేమో ముందు నేను కనుక్కుని చెబుతాను. అమ్మాయి భద్రం."

ఫోన్ పెట్టేశాక నేను ఆ బుట్ట వైపు చూశాను. మేం తీసినవి పోను, అన్నీ ఉద్యోగం కోసం వచ్చిన ఉత్తరాలు. ఆరు వందల పైచిలుకు. ప్రతిదాని మీదా యజమాని జవాబు: "ఖాళీ లేదు. పారెయ్యండి."

"వీళ్లందరికీ..."

"అందరికీ ఎక్కడ నాయనా! ఇప్పటికి నూట ఆరుగురికి దొరికింది. మిగతావాళ్లు ఎదురు చూస్తున్నారు. ఉద్యోగం అడుగుతూ ఉత్తరం రాసినవాడు జవాబు వచ్చేదాకా రోజూ ఎదురు చూస్తాడు. నాకు తెలుసు." అని చటుక్కున ఆగి, "ఆ గాజు అమ్మాయి నంబరు తియ్యి" అన్నారు.

నేను నంబరు తీయలేదు. ఆ వరుసలో నాకు తెలిసిన పేరొకటి కనిపించింది. నాదే.

పద్నాలుగేళ్ల కిందటి నా ఉత్తరం. "కంప్యూటర్ విద్య నాకు కొట్టిన పిండి" అని మొదలుపెట్టాను. జతచేస్తున్నానన్న సర్టిఫికెట్లు జతచేయలేదు. వాటి బదులు నా ఫొటో మూడుసార్లు వెళ్లింది. బావమరిది కోటు వేసుకున్నాను. చేతులు వేళ్లదాకా మూసుకుపోయి, కోటులో మునిగిపోతున్నవాడిలా ఉన్నాను. దాని కింద యజమాని: "ఈ కోటు అబ్బాయిని పారెయ్యండి." ఎనిమిది నెలల తర్వాత పిన్నిగారు: "మడతబందులకు మనిషి కావాలన్నారు కదా బాబూ, ఒక అబ్బాయి ఉన్నాడు. గొప్పలు చెప్పుకుంటాడు కానీ, అక్షరం గుండ్రంగా రాస్తాడు."

మెయిల్లో అక్షరం గుండ్రంగా ఎలా కనిపించిందో ఆవిడకే తెలియాలి. నా ప్రతిభ గురించి విని వెతుక్కుంటూ వచ్చి పిలిచారని పదమూడేళ్లుగా మా ఆవిడకు చెబుతున్నాను. ఇప్పటికీ అదే చెబుతున్నాను. దయచేసి ఇది ఆవిడ కంట పడనివ్వకండి.

"నాకెప్పుడూ చెప్పలేదేం పిన్నిగారూ?"

"చెబితే నీ నడక మారిపోదూ? ఛాతీ విరుచుకుని నడుస్తావు, చూడ్డానికి బాగుంటుంది."

అయితే బాగుండనిది ఒకటి ఉంది. శుక్రవారం అయిదింటికి ఈ అయిదొందల మందినీ నేను నా వేలితో తుడిచెయ్యాలి. ఇంకా ఇరవై ఆరు జీబీ తగ్గాలి.

"మళ్లీ మొదలెడదాం" అన్నారు పిన్నిగారు. మౌస్ అందుకున్నారు. ఒక ఉత్తరం తెరిచారు. యజమాని రాసింది. "సరే" అని రెండక్షరాలు. నేను మూసెయ్యబోయాను.

"ఆగు. బాబుగారు ఇంకా వస్తున్నారు."

చూశాను. 'సరే' కింద సంతకం, సంతకం కింద ఫొటో. తలుపుల ప్రదర్శనలో మా ఖరీదైన తలుపుకు ఆనుకుని, చేతులు కట్టుకుని, యజమాని నిలువెత్తు ఫొటో. ముసలాయన దాన్ని పైనుంచి గీత తర్వాత గీతగా దించుతున్నాడు. ముందు జుట్టు వచ్చింది. తర్వాత నుదురు. కనుబొమలు వచ్చేసరికి నేను రెండుసార్లు ఆవలించాను.

"పిన్నిగారూ, ఇది ప్రతిసారీ పూర్తిగా చూస్తారా?"

"ముఖం సగంలో ఉండగా మూసేస్తే బాగుంటుందా? ఆరేళ్లుగా ఇంతే. ఇదుగో, మీసం వచ్చింది, ఇంక అయిపోయినట్టే."

నాకు ఎక్కడో తట్టింది. ఆ 'సరే' ఎంత బరువుందో చూశాను. మూడు ఎంబీ. యజమాని పిన్నిగారికి రోజుకు అయిదారు మెయిళ్లు రాస్తాడు. సరే. అలాగే. చూడండి. పారెయ్యండి. ఆరేళ్ల లెక్క తీస్తే తొమ్మిది వేల మెయిళ్లు. ప్రతి ఒక్కదాని అడుగునా అదే తలుపు, అదే మీసం. మొత్తం ఇరవై ఏడు జీబీ. మా ముసలాయన నడుం విరిచింది ఉత్తరాలు కాదు. మా యజమాని.

ఉత్తరం ఉంచి బొమ్మను మాత్రం తీసేసే వీలుంది. శుక్రవారం పొద్దున్నే మొదలుపెట్టాను. ముసలాయన రోజంతా గొంతు సవరించుకుంటూనే ఉన్నాడు. మధ్యాహ్నం మూడింటికి ఇరవై. నాలుగింటికి పదకొండు. ఫ్యాను చాలక పిన్నిగారు మెట్ల కింద నిలబడి అట్టముక్కతో విసిరారు. "భద్రం నాయనా, భద్రం" అంటున్నారు, నాతోనో సర్వర్‌తోనో. అయిదుకు అయిదు నిమిషాలుండగా అంకె నాలుగు దగ్గర నిలిచింది. చెత్తబుట్ట చెక్కుచెదరలేదు.

గాజు అమ్మాయి నంబరు మారలేదట. వచ్చే నెల ఒకటో తారీఖున చేరమన్నారట. పిన్నిగారు ఆ మాట ముసలాయనకు కూడా చెప్పారు.

సోమవారం ఆసుపత్రి ఆర్డరు దర్జాగా వచ్చి దిగింది. యజమాని మహా సంతోషపడి, పాత మెయిల్ ఏదో చూసుకోవాలని పిన్నిగారి బల్ల దగ్గరికి వచ్చాడు. ఒకటి తెరిచాడు. ఇంకొకటి తెరిచాడు. నేను మడతబందుల కేటలాగులో తల దూర్చేశాను.

"పిన్నిగారూ, నా ఫొటో ఏదీ?"

"తీసేశాం బాబూ."

"అన్నిట్లోనా?" అంటూ పక్కకు చూశాడు. చెత్తబుట్ట మీద అంకె కనిపించింది. మొహం ఎర్రబడింది. "ఇదేంటి, రెండు జీబీ చెత్త అలాగే ఉంది! నా మొహం తీసేసి చెత్త ఉంచుతారా?"

పిన్నిగారు కళ్లజోడు సర్దుకుని, ఎప్పటిలా నెమ్మదిగా అన్నారు:

"మీ మొహం రోజూ చూస్తూనే ఉన్నాం కదా బాబూ, వాళ్ల మొహాలే ఇంకా చూడాల్సి ఉంది."