వ్యానుకు మొదటి చెంబు

మంచినీళ్ల వ్యాను తోలే అన్న పోయాడన్న కబురు నాకు గూడూరు సంతలో తెలిసింది. చేపలమ్మే పాళెం మనిషి బేరం మధ్యలో, "నీళ్లన్న పోయినాడు టీచరమ్మా, జరమొచ్చి. పూడ్చిపెట్టి వారం దాటింది" అని చేపలు ఆకులో చుట్టి ఇచ్చింది. వాటిని ఇంటికైతే తెచ్చాను గానీ ఆ పూట వండలేదు. ఆయనకు నేను చుట్టాన్ని కాను, ఇరుగుపొరుగునూ కాను. నాకు కబురు చెయ్యాలని ఎవరికి తోస్తుంది? అందుకే ఈ నాలుగు మాటలు మీతో చెప్పుకుంటున్నాను.

నా మొదటి ఉద్యోగం చిల్లకూరు అవతల, సముద్రం ఒడ్డు పాళెంలో. ఒక గది బడి, దానికి ఆనుకుని నాకో గది. పాళెం వాళ్లు మంచివాళ్లే. కానీ మగవాళ్లు వేటకు, ఆడవాళ్లు చేపల గంపలతో ఊళ్ల మీదికి పోతే, బడి వదిలాక నాతో మాట్లాడే దిక్కుండేది కాదు. బావి నీళ్లు ఉప్పు. ఎండలు ముదిరితే పంచాయతీ సమితి వాళ్ల డీజిల్ వ్యాను, వెనక ట్రైలరు మీద పెద్ద ఇనప ట్యాంకు తగిలించుకుని, మంచినీళ్లు లాక్కొచ్చేది. పాళెమంతా నీళ్ల కోసం ఎదురుచూసేది. నేను మనిషి కోసం ఎదురుచూసేదాన్ని. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేముంది?

ఆడవాళ్లు బిందెలు పట్టుకున్నంతసేపూ ఆయన బడి అరుగు మీద కూర్చునేవాడు. పెద్దగా మాట్లాడే మనిషి కాదు. భార్య పోయిన సంగతి కూడా మాటల్లో మాటగా బయటపడిందే. "ఇంటికి పోతే గోడలు పలకవు టీచరమ్మా. వ్యానన్నా గుర్రుమంటాది" అన్నాడు. నా గది గోడలు కూడా అంతే అందామనుకుని ఊరుకున్నాను.

ఒక ఎండాకాలం ఆ వ్యాను హీటెక్కడం మొదలుపెట్టింది. ట్యాంకు నిండుగా ఉంటే చాలు, సరుగుడు తోపు పక్కన ఇసక దారి ఎక్కగానే ముందు నుంచి ఆవిరి. ఖాళీ ట్యాంకుతో తిరిగి పోయేటప్పుడు ఏ రోగమూ ఉండదు. ఇంకోసారి దారిలో ఆగిపోతే వ్యానును ఈ దారి మాన్పించి వేరే ఊళ్లకు తిప్పుతామని సమితిలో చెప్పేశారు. అంతకు ముందు ఏడాది నీళ్లు రాని రోజుల్లో గుంటనీళ్లు తాగి నా బడి పిల్లలకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. అందుకే ఈ మాట విన్నాక పాళెంలో ఎవరికీ నిద్ర లేదు.

ఆయన వచ్చినప్పుడల్లా ఒక కొత్త అనుమానంతో వచ్చేవాడు. ఫ్యాను బెల్టు బిగించాడు. రేడియేటరు సందుల్లో ఇరుక్కున్న సరుగుడు ఆకు పుల్లపుల్లా ఏరాడు. ట్రైలరు బ్రేకులు పట్టేస్తున్నాయేమోనని చక్రాలు పైకి లేపి చేత్తో తిప్పి చూశాడు, చక్కగా తిరిగాయి. "లోడు పడితేనే వస్తాదంటే ఇది ఊపిరి చాలని రోగం. యాడ చాలడంలేదో తెలవాల" అనేవాడు.

ఒకరోజు బడి ముందు ఇంజను ఆపి, తడిచేత్తో రేడియేటరును మెల్లగా తాకుతూ పోయాడు. "ఇట్టా రండి టీచరమ్మా. పక్కన కాలతండాది. ఈ నడిమిన చూడండి, చల్లగా ఉండాది. అంటే నీళ్లు ఇందులోకి రావడంలే. గొట్టాలు పూడినాయి" అన్నాడు. దేనితో పూడాయో అంతుబట్టలేదు. బాగా చల్లారనిచ్చి కింది రబ్బరు గొట్టం ఊడదీసి వేలు పెట్టాడు. వేలికి తెల్లటి పెళుసు పెచ్చు అంటుకుని వచ్చింది.

దాన్ని నేను ఎక్కడైనా గుర్తుపడతాను. ఉప్పునీళ్లు కాచీ కాచీ నా రాగి కాగు లోపల పేరుకునే గార అది.

"ఇందులో ఏం నీళ్లు పోస్తారన్నా?"

"మీ బడి బావియ్యే."

"వెనక ట్యాంకు నిండా మంచినీళ్లు పెట్టుకునా?"

"అయ్యి జనానియ్యి కదమ్మా. మోసేవాడే చెయ్యి పెడితే ఎట్టా?"

నాకు ఒళ్లు మండింది. ఆయన ట్యాంకు నీళ్లు తాగడని తెలుసు, మా బావి ఉప్పునీళ్లే తాగేవాడు. వ్యానుకు కూడా ఆ నోమే పట్టించాడని తెలియదు. "మీ నీతి బాగానే ఉందన్నా, దానికే గొట్టాలు పూడినాయి" అనేశాను.

నాకు తెలిసిన మందు కాగు తోమే చింతపండొక్కటే. చెబితే మొదట నవ్వాడు. తర్వాత ఇద్దరం పలచగా పులుసు పిసికి, పాత గుడ్డలో వడగట్టి, రేడియేటరులో పోసి ఇంజను ఆడించాం. వదిలితే బురదలాంటి నీళ్లలో తెల్లటి పెచ్చులు వచ్చాయి. పెచ్చులు ఆగేదాకా అట్లాగే చేశాం. ఇక కడిగి నింపడానికి మంచినీళ్లు కావాలి. ట్యాంకు దగ్గర ఆడవాళ్లు వరసలో ఉన్నారు. ఆయన అడగలేక బావి వైపు నడిచాడు. సంగతి నేనే చెప్పాను. వరసలో ముందున్న అవ్వ తన బిందె ఎత్తుకుని వచ్చింది.

"మన నీళ్లు లాగే ఎద్దుకు కుడితి పెట్టకపోతే ఎట్టా అబ్బయ్యా?" అని రేడియేటరులో తనే పోసింది. వెనక మిగతావాళ్లూ వచ్చారు.

తర్వాతి తడవ వ్యాను నిండు ట్యాంకుతో ఇసక దారి ఎక్కి వచ్చింది. ఆవిరి లేదు. నేను అరుగు మీద నిలబడి చూస్తూ ఏడ్చాను.

అప్పటి నుంచి పాళెంలో మొదటి చెంబు వ్యానుకు. రెండో చెంబు అవ్వ నింపి, డ్రైవరు తలుపు కింద మెట్టు మీద పెట్టేది. "ఆఖర్న తాగుతాలే అవ్వా" అనేవాడు. ఆఖర్న వచ్చిన వాళ్ల బిందెలో దాన్ని పోసేసి వెళ్లిపోయేవాడు. వ్యాను సంగతి ఒప్పుకున్నాడు గానీ తన సంగతి మాత్రం ఒప్పుకోలేదు.

నాకు గూడూరు బదిలీ అయ్యాక ఒక్కసారి కనిపించాడు. రోడ్డు పక్కన వ్యాను ఆపి, "మీ అరుగు మీద ఇప్పుడు ఒక్కణ్ణే కూర్చుంటుండా" అన్నాడు. వస్తానన్నాను. వెళ్లలేదు.

మొన్న ఆదివారం పాళెం వెళ్లాను. కొత్త డ్రైవరు వచ్చాడు, కుర్రవాడు, నెమ్మదస్తుడు. అవ్వ మొదటి చెంబు రేడియేటరులో పోయించింది. రెండోది అలవాటుగా మెట్టు మీద పెట్టింది. ఎండలో వచ్చాడు కదా పాపం, "నాకా అవ్వా?" అన్నాడు. "నీకే, తాగు నాయనా" అంది. ఎత్తిన చెంబు దించకుండా తాగేశాడు. అన్నేళ్లలో ఆ చెంబు నీళ్లు ఒకరు తాగడం మేం చూసింది అప్పుడే.

ట్యాంకు ఖాళీ అయింది. వ్యాను సరుగుడు తోపు మలుపు తిరిగేదాకా అవ్వ ఆ ఖాళీ చెంబు పట్టుకుని అక్కడే నిలబడింది. నేను బడి అరుగు మీద, ఆయన కూర్చునే చోటు వదిలి, పక్కన కూర్చున్నాను.