ముట్టుకోకూడని మాంసం

మా నాయనమ్మ మాలన్ పక్కన కూర్చుని భోంచేయాలంటే గట్టి కడుపు ఉండాలి. చేప వండే ముందు దాని పొట్ట చీల్చి, లోపల ఉన్నదంతా పింగాణీ పళ్ళెంలో పరిచి, ఫోర్కుతో అటూ ఇటూ కదుపుతుంది. "చూడవే, పీత. ఒళ్ళంతా అరిగిపోయింది, కాళ్ళు మాత్రం అలాగే ఉన్నాయి. ఎందుకంటావ్?" అని అడుగుతుంది. మధ్యాహ్నం అదే పళ్ళెంలో మాకు బంగాళాదుంపలు వడ్డిస్తుంది. మధ్యలో కడిగానంటుంది. నేను చూడలేదు. చూడకపోవడమే నయమని నా అభిప్రాయం.

చెప్పుకోవడానికి ఆమె జీవితంలో పెద్ద సంగతులేవీ లేవు. ఫారో దీవుల్లో మా ఊరి ఆడవాళ్ళందరిలాగే గొర్రెలు కాచింది, పిల్లల్ని కంది, తాత పడవ మీద పోయినన్నాళ్ళూ ఉన్ని అల్లుకుంటూ కిటికీ దగ్గర కూర్చుంది. ఆదివారాలు చర్చిలో వెనక బల్ల మీద కునుకు తీస్తుంది. తేడా ఒక్కటే. మిగతావాళ్ళు ముఖం తిప్పుకునే చోట ఆమె మెడ చాస్తుంది. నేను "ఛీ" అన్నానంటే ఆమెకు పండగే. "ఛీ అన్నావా? అయితే అక్కడేదో ఉంది. జరుగు, చూడనీ" అని నన్ను పక్కకు నెట్టేస్తుంది.

మా కొండ అంచుల్లో గూళ్ళు పెట్టే సముద్రపక్షి ఒకటుంది. దాని పిల్ల దగ్గరికి ఎవరైనా వెళ్తే నోట్లోంచి నారింజరంగు నూనె కక్కుతుంది. కుళ్ళిన చేపని దీపపు నూనెలో ఊరేస్తే వచ్చే కంపు అది. మా ఊళ్ళో నడక నేర్చిన పిల్లలకి కూడా దానికి దూరంగా ఉండాలని తెలుసు. నాయనమ్మకీ తెలుసు. కానీ ఎంత దూరం అన్నది ఎవరూ సరిగ్గా చెప్పలేదట. ఒకరోజు అడుగులో అడుగు వేసుకుంటూ ముందుకు వెళ్ళింది. తెలుసుకుంది. నూనెతో తడిసిన ఆమె స్వెట్టరుని తీసుకెళ్ళి సముద్రపొడ్డున తగలబెట్టాం. నేను ముక్కు మూసుకుని కర్రతో పొడుస్తుంటే, ఆమె గాలికి ఎదురుగా నిలబడి, "పొగ వాసన వేరేగా ఉందే, గమనించావా?" అంది. నేను గమనించలేదు. నేను వాంతి ఆపుకునే పనిలో ఉన్నాను.

నేను చదువు మధ్యలో మానేసి, పక్క ఊళ్ళో సాల్మన్ చేపల పేగులు తీసే పనిలో చేరినప్పుడు ఇంట్లో అందరూ తలలు పట్టుకున్నారు. నాయనమ్మ మాత్రం సాయంత్రం నేను రాగానే అడిగేది.

"ఇవాళ ఏం చూశావే?"

"పేగులు."

"అన్నీ ఒకేలా ఉన్నాయా?"

"పేగులు పేగుల్లాగే ఉంటాయి నాయనమ్మా."

"బడిలో కూడా ఇలాగే చూసి ఉంటావు, అందుకే వాళ్ళు నిన్ను వెళ్ళనిచ్చారు."

ఇక ఆమె మాంసం కొట్టం గురించి చెప్పాలి. మా ఇంటి వెనక చెక్కపట్టీల గోడలతో చిన్న కొట్టం ఉంది. పట్టీల మధ్య సందుల్లోంచి సముద్రపు గాలి పగలూ రాత్రీ వీస్తుంది. అక్టోబరులో గొర్రెల్ని కోసి, ఆ మాంసం ఉప్పయినా రాయకుండా అందులో వేలాడదీస్తాం. అది గాలికి మాగి, పైన బూజు పట్టి, క్రిస్మస్ నాటికి తినడానికి సిద్ధమవుతుంది. పాత జున్ను, తడిసిన కుక్క, వారం రోజులు విప్పని మేజోళ్ళు, ఈ మూడూ కలిస్తే ఆ వాసన. మేం దాన్ని ఇష్టంగానే తింటాం. కాకపోతే తినేటప్పుడు ఎక్కువ ఆలోచించం.

వేలాడదీసిన మాంసాన్ని క్రిస్మస్ ముందు వరకూ ఎవరూ ముట్టుకోకూడదు. అది మా అందరి ఇళ్ళలోనూ ఉన్న పద్ధతి. ఎందుకని ఎవరూ అడగరు.

కిందటేడు ఆ మాంసానికి పురుగు పట్టింది.

నవంబరు చివర్లో తలుపు తీసి లోపలికి అడుగు పెట్టిన హైనీ బాబాయి వెంటనే బయటికొచ్చి గోడకి చెయ్యి ఆనించి నిలబడ్డాడు. నాయనమ్మ చిన్నకొడుకు ఆయన, మా నాన్నకి తమ్ముడు. ఆ వేసవిలోనే ఈగలు రాకుండా పట్టీల లోపలివైపు సన్నటి వల కూడా కొట్టాడు. అయినా వేలాడుతున్న గొర్రె తొడలన్నీ పురుగే. తెల్లగా, లావుగా, ఒకదాని మీద ఒకటి పాకుతూ, దగ్గరికి వెళ్తే మెత్తటి చప్పుడు కూడా వినిపించేది. నేను ఒక్కసారే విన్నాను. ఇప్పటికీ గంజి ఉడుకుతుంటే వంటింట్లోంచి లేచిపోతాను.

"అయిపోయిందమ్మా. ఈ చలికాలాలు మునుపటిలా లేవు, గాలి కూడా వెచ్చబడింది. ఈ కొట్టం ఇక పనికిరాదు. వసంతంలో పీకించేసి, కొండలెక్కడానికి వచ్చేవాళ్ళు బస చేసేందుకు అక్కడ ఒక గది కట్టిస్తా" అన్నాడు బాబాయి.

"మరి మాంసం?"

"అందరూ కొనుక్కుంటున్నట్టు కొనుక్కుందాం. శుభ్రంగా ప్లాస్టిక్‌లో చుట్టి ఇస్తారు."

"దాంట్లో చూడ్డానికి ఏముంటుందిరా?"

"ఏమీ ఉండదు. అదే కదా సుఖం!"

మోకాళ్ళ నొప్పులొచ్చాక ఆమె కొండకి వెళ్ళడం మానేసింది, ఒడ్డుకి వెళ్ళడం మానేసింది. కోళ్ళకి గింజలు వేసి, పక్కనే ఉన్న కొట్టంలో తల పెట్టి వాసన చూసి రావడమే ఆమెకు మిగిలిన ప్రపంచం. అది కూడా పోతే కిటికీ, ఉన్ని ఉండ, నేను. నా గురించి ఆమెకి పెద్ద ఆశలేమీ లేవు.

బాబాయి అటు వెళ్ళగానే ఒక తొడ దింపించి వంటింటి బల్ల మీద పెట్టించింది. పట్టుకొచ్చింది నేనే. చేతుల మీద ఏదో పాకుతున్నట్టు వారం రోజులు అనిపించింది. తాత వాడిన భూతద్దం తీసుకుని ఆమె ముక్కు ఆనేంత దగ్గరికి వంగింది.

"నాయనమ్మా, ఒకటి నీ చేతి మీదికి ఎక్కింది."

"ఎక్కనీ. దానికీ తెలుసుకోవాలని ఉంటుంది. ఇటు చూడు, ఇవి అన్నిచోట్లా లేవు."

"నాకు అన్నిచోట్లా ఉన్నట్టే ఉంది. నీ కాఫీ గిన్నె పక్కన కూడా."

"మాంసం మీద చెప్తున్నా, మొద్దూ. పైన బూజు బాగానే పట్టింది, అక్కడ ఒక్కటీ లేదు. చూడు, ఎముక పక్కన వరసగా గుంటలు. వాటిల్లోంచి వస్తున్నాయి."

ఇంకో తొడ తెమ్మంది. తెచ్చాను. దాని మీద కూడా ఎముక పక్కనే, అదే వరసలో గుంటలు. నాయనమ్మ భూతద్దం కింద పెట్టింది.

"నా అల్లిక తీసుకురా."

తెచ్చాను. ఉన్నిలోంచి సూది లాగి, ఒక గుంటలోకి దింపింది. కొలిచి చేసినట్టు పట్టింది. సూది వెంట రెండు పురుగులు పైకొచ్చాయి.

"నాయనమ్మా! నువ్వేనా?"

"నోరు ముయ్యి. చూడనీ."

"ముట్టుకోకూడదు కదా!"

"ముట్టుకోలేదు. పొడిచాను."

తర్వాత కాస్త కాస్తగా చెప్పింది. ముక్కుతో చూస్తే పైన సంగతే తెలుస్తుందట. లోపల, ఎముక దగ్గర, వారం వారం ఏం మారుతుందో ఇన్నేళ్ళుగా తినే మాకెవరికీ తెలియదట. అందుకని ఆ శరదృతువులో కోళ్ళకి గింజలు వేసినప్పుడల్లా లోపలికెళ్ళి, తలుపు తెరిచి ఉంచి, ఒక్కో తొడలో సూది గుచ్చి, బయటికి తీసి వాసన చూసేదట. ఈగలకి తలుపు తెరిచి పెట్టడమే కాకుండా, గుడ్లు పెట్టుకోవడానికి గుంటలు కూడా తవ్వి ఇచ్చిందన్నమాట. అదే సూదితో నాకు మేజోళ్ళు అల్లింది. అవి నా కాళ్ళకే ఉన్నాయి. వెంటనే విప్పి పొయ్యిలో పడేశాను.

"ఎవరికీ చెప్పకు నాయనమ్మా. బాబాయి వాతావరణాన్ని తిట్టుకుంటున్నాడు, తిట్టుకోనీ" అన్నాను.

"చెప్పకపోతే కొట్టం పీకేస్తాడు."

"చెప్తే నిన్ను పీకేస్తాడు."

ఆమె నవ్వలేదు. రెండు మూడు రోజులు అల్లిక ముట్టలేదు. గింజలు వేసి నేరుగా లోపలికొచ్చేసేది. చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటివైపు అసహ్యంగా చూసుకునేది. చేపల పేగుల్నీ, కక్కిన నూనెనీ, ఒడ్డుకి కొట్టుకొచ్చి కుళ్ళిన తిమింగిలాన్నీ చూసి ఒక్కసారి కూడా ముక్కు చిట్లించని మనిషి, తన వేళ్ళని చూసి మూతి అలా ముడుచుకోవడం నాకు నచ్చలేదు. "ఏడాది తిండి" అని గొణిగింది ఒకసారి. "బాగున్న గొర్రెలు."

ఆదివారం చర్చి అయ్యాక బాబాయి, పిన్ని భోజనానికి వచ్చారు. పిన్ని కొట్లో కొన్న సాసేజీలు తెచ్చింది. గులాబీరంగులో, నున్నగా, వేటికీ వాసన లేదు, రుచి కూడా లేదు. తడిసిన అట్టముక్క నమిలినట్టుంది. బాబాయి గది కొలతలు చెబుతున్నాడు, కిటికీ సముద్రం వైపు పెట్టిస్తానంటున్నాడు. నాయనమ్మ లేచి వెనక్కి వెళ్ళింది. తిరిగొచ్చినప్పుడు ఆమె చేతిలో పళ్ళెం, పళ్ళెంలో ఆ తొడ. దాన్ని బంగాళాదుంపల గిన్నెకీ ముల్లంగి గిన్నెకీ మధ్య పెట్టింది.

పిన్ని కుర్చీ పడేసుకుని బయటికి పరిగెత్తింది. వాకిట్లో ఆమె వాంతి చేసుకుంటున్న చప్పుడు మా అందరికీ వినిపిస్తూనే ఉంది.

"అమ్మా! పిచ్చా నీకు? తీసెయ్ దాన్ని!"

"ముఖం తిప్పుకోకురా హైనీ. ఇటు చూడు." సూది గుంటలో దింపి చూపించింది. "గాలిది తప్పు కాదు. కొట్టానిది కాదు. నీ వల కూడా బాగానే ఉంది. ఇది నేను చేసిన పని. ప్రతి తొడా నేనే పొడిచాను."

బాబాయికి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక మొహం ఎర్రబడింది. "చిన్నప్పుడు నేను వేలు పెడితే చెయ్యి మీద కొట్టావు! ముట్టుకోకూడదని నువ్వే చెప్పావు!"

"చెప్పాను. ఎందుకని నువ్వు అడగలేదు. అడిగినా నాకు తెలీదు. మా అత్తకీ తెలీదు. ఇప్పుడు తెలిసింది."

"ఏడాది మాంసం పోగొట్టి తెలుసుకున్నావా!"

"అవును. అది నాకూ అసహ్యంగానే ఉంది" అంది, గొంతు తగ్గించి. "కానీ చెయ్యని తప్పుకి కొట్టాన్ని పీకితే ఇంకా అసహ్యంగా ఉంటుంది."

బాబాయి చాలాసేపు ఆ తొడనే చూశాడు. మొదట తల పక్కకి పెట్టి, తర్వాత నేరుగా. ఒక పురుగు బల్ల అంచు దాకా పాకి ఆగింది. "అన్నీ ఎముక పక్కనే ఉన్నాయి" అన్నాడు చివరికి, తనకి తానే చెప్పుకుంటున్నట్టు.

"చూశావా?" అంది నాయనమ్మ ఆశగా.

"చూశాను. కొట్టం తాళంచెవి ఇవ్వు."

తీర్పు అక్కడే అయిపోయింది. కొట్టం ఉంటుంది. నాయనమ్మ లోపలికి వెళ్ళకూడదు. తాళంచెవి నా దగ్గర ఉండాలి. ఊళ్ళో బుద్ధిమంతులు కరువయ్యారని దీన్నిబట్టే తెలుస్తుంది. "బయట నిలబడి ఎంత కావాలంటే అంత పీల్చుకో" అని బాబాయి అన్నాడు. పిన్ని ఆ తర్వాత మా ఇంట్లో కాఫీ కూడా తాగలేదు.

ఈ ఏడాది మళ్ళీ మాంసం వేలాడదీశాం. శరదృతువంతా నాయనమ్మ కోళ్ళ దగ్గర గింజల డబ్బా పట్టుకుని, ముక్కు పట్టీల సందులో దూర్చి నిలబడింది. వానలో కూడా. బూజు వాసన ఆమె తలగుడ్డకి పట్టి, ఇంట్లోకి వస్తుంటే ముందు ఆ కంపు వచ్చేది, తర్వాత ఆమె వచ్చేది. నిన్న నేను తాళం తీసి లోపలికి వెళ్ళాను.

"ఉన్నాయా?" అంది బయటినుంచి.

ఒక్కో తొడ తిప్పి చూశాను. కంపుకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. చేతులకి జిగురు అంటింది.

"లేవు నాయనమ్మా. ఒక్కటి కూడా లేదు."

"ఎముక దగ్గర?"

"అక్కడా లేవు."

పట్టీల అవతల గింజల డబ్బా కింద పెట్టిన చప్పుడు.

"మంచిదే" అంది, చదువుతున్న పుస్తకాన్ని ఎవరో మధ్యలో లాక్కున్నట్టు. "బూజు ఏ రంగులో ఉంది?"

"తెల్లగా."

"అంతా తెల్లగానేనా? సరిగ్గా చూడవే. కింద, గాలి తగలని చోట."

తలుపు మూసేసి బయటికి రావాలనే అనుకున్నాను. కానీ ఊపిరి బిగబట్టి, వంగి, చూశాను.

"కొంచెం ఆకుపచ్చ. అంచుల్లో పసుపు. వెంట్రుకల్లా ఉన్నాయి, ఊదితే కదులుతున్నాయి."

"ఊదావా?" అంది నాయనమ్మ. పట్టీల సందులో ఆమె కన్ను వచ్చి నిలిచింది. "ఎటువైపు కదిలాయి?"