ఉడత పాట వరస

మా నాయనకు కుడి చెవి ఎప్పుడో పోయింది. దానికి ఆయన పెద్దగా బాధపడలేదు. "పాటకు ఒక చెవి చాలు, తిట్లకే రెండు కావాల" అనేవాడు. మొన్న వానాకాలంలో ఒక పొద్దున లేచేసరికి ఎడమ చెవిలో కూడా జోరీగ దూరినట్టు మోత మొదలైంది. సాయంత్రానికి నా మాటలు సగం అందలేదు.

నేను కుప్పంలో ఒక ఆఫీసులో పనిచేస్తాను. నాయన నాతోనే ఉంటాడు. కుడి చెవికి అప్పట్లో చూసిన డాక్టరు మదనపల్లెలో ఉన్నాడని, మరునాడే బస్సెక్కించి తీసుకుపోయాను. డాక్టరు పరీక్షలు చేసి, మాత్రలు రాసి, నిజం దాచకుండా చెప్పాడు.

"ఈ వారంలో వినికిడి తిరిగి రావాలమ్మా. రాకపోతే చెవికి మిషన్ పెట్టినా పెద్ద ప్రయోజనం ఉండదు. సోమవారం మళ్లీ చూద్దాం."

ఈ వారంలో నేనేం చేయాలని అడిగాను. మాత్రలు వేళకు వేయమన్నాడు. అంతే. ఇంతోటి పనికి నేనెందుకు, గడియారం చాలదా అని ఒళ్లు మండింది.

నాయనకు పాటంటే పిచ్చి. జీవితమంతా పుంగనూరులో వేరుశనగ మండీలో మూటలు మోశాడు. మోసి వచ్చి, కాళ్లకు గజ్జెలు కట్టుకుని చెక్కభజనకు పోయేవాడు. ఇప్పుడు నా పాత ఫోను ఆయనది. దాంట్లో సినిమా పాటలు, నాటకం పద్యాలు, అరవ పాటలు, కన్నడం పాటలు, ఏది దొరికితే అది. కూర మాడినా గమనించడు గానీ పాటలో తాళం తప్పితే ముఖం చిట్లిస్తాడు.

ఆయనకు ఎంత వినపడుతోందో చూడడానికి నా దగ్గర యంత్రమేదీ లేదు. పాటలే ఉన్నాయి. అందుకని ఆఫీసు నుంచి రాగానే ఇయర్‌ఫోన్ ఒకటి ఆయన ఎడమ చెవిలో, ఒకటి నా చెవిలో పెట్టుకుని కూర్చునేవాళ్లం.

మొదట ఆయనకు ప్రాణమైన పాత సినిమా పాట పెట్టాను. పాడే ఆమె ఒక మాట అంటే వేణువు దానికి జవాబిస్తుంది, అలాంటి పాట. కళ్లు మూసుకుని విని, మధ్యలో తెరిచాడు.

"ఫ్లూటు యాడ పోయిందమ్మా?"

"ఉండాది నాయనా, ఇదో వస్తాండాది" అని గట్టిగా అరిచాను.

"లేదు. తబలా ఉండాది, ఆయమ్మ గొంతు ఉండాది. ఫ్లూటు లేదు."

నా చెవిలో ఆ వేణువు హాయిగా మోగుతూనే ఉంది. ఎవరో ముక్కూ మొహం తెలియని వేణువు కళాకారుడి మీద నాకు కోపమొచ్చింది.

తర్వాత నాటకం పద్యం. హార్మోనియం బాగానే అందింది. పద్యం చివర రాగం తీసినప్పుడు మాత్రం నాయన తల ఊపడం ఆపేశాడు. "పైకెక్కి పైకెక్కి యాడనో పడిపోయినాడు, పాపం" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఈ సంగతి పుంగనూరులో మా పెద్దమ్మకు తెలిసింది. పరామర్శకని ఫోను చేసి, "ఇంగా పాటలు యాల పెడతాండావే? చెవిటోని ముందర శంకం ఊదినట్టు" అంది. నా నోరు మంచిది కాదు. ఆమె నోట్లో నుంచి ఊడిపోయిన పళ్ల గురించి ఒక మాట అని ఫోను పెట్టేశాను.

పక్కింట్లో మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన ఒకామె ఉంటుంది. ఆమె మా అరుపులు విని వచ్చింది. "సన్న గొంతులు పెట్టొద్దమ్మా, ఇది ఇనిపించి సూడు" అని తన చర్చి పాట ఒకటి పంపింది. మగవాళ్ల లావు గొంతులు, వాటి కింద ఆర్గన్ మోత. నాయన ముఖం విప్పారింది. ఏనాడూ చర్చి మెట్టెక్కని మనిషి ఆ పాటను మళ్లీ మళ్లీ పెట్టించుకున్నాడు. "ఇదే ఈ వారానికి పాట" అన్నాడు. మందు పనిచేస్తోందనుకుని నేను పరిగెత్తి మైసూర్‌పాక్ తెచ్చి, నర్సమ్మకూ పెట్టాను. ఆమె ఒక ముక్క తుంచుకుని, మిగతాది నా చేతిలోనే పెట్టింది. చెవి పోయేటప్పుడు లావు గొంతులే చివరిదాకా అందుతాయని ఆమెకు తెలిసే ఉంటుంది.

శుక్రవారానికి ఆ ఆర్గన్ కూడా పలచబడింది. శనివారం పలక డప్పుల మోత ఉన్న పాట పెడితే, ఫోను అరచేతిలో పెట్టుకుని అదురు చూస్తూ కూర్చున్నాడు. మాత్రలు వేళకు వేస్తూనే ఉన్నాను. ఎక్కడా తప్పలేదు. తప్పి ఉంటే కనీసం నన్ను నేను తిట్టుకునేదాన్ని.

అప్పుడు అడిగాడు. "మీయమ్మ పాట పెట్టు. ఉడత పాట. చెవి పూర్తిగా మూసుకునే లోపల అదొకసారి ఇనాల."

ఆ పాట కథ నాకు తెలుసు. విత్తనానికి వేరుశనక్కాయలు చేత్తో ఒలవాలి. మండీ షెడ్డులో ఆడవాళ్లను కూర్చోబెట్టి ఒలిపించేవాళ్లు. వాళ్లు గింజలు నోట్లో వేసుకోకుండా మండీ యజమానమ్మ ఒక ఉపాయం కనిపెట్టింది. పని ఉన్నంతసేపూ పాడుతూనే ఉండాలి. పాట ఆగిందంటే నోట్లో గింజ పడిందని లెక్క. మా అమ్మ ఊరుకునే రకం కాదు. సొంతంగా పాట కట్టింది. ఉడత ఒక్క గింజ తిన్నదని యజమానమ్మ దాని మూతికి, ఎద్దుకు కట్టినట్టు, చిక్కం కట్టిందట. ఉడత చిక్కంలోంచే పాడిందట. యజమానమ్మ అది తన గురించేనని తెలియక, "బాగుండాది, ఇంగోసారి అను" అనేదట. మూట భుజాన పెట్టుకుని నాయన షెడ్డు వాకిట్లో అడుగులు నెమ్మది చేసేవాడట.

కథ తెలుసు, పాట తెలియదు. నేను హాస్టల్లో చదువుకున్నాను. ఇంట్లో అడిగితే అమ్మ పాడేది కాదు. "అది కూలి పాట. ఇంట్లో నా నోరు నా ఇష్టం" అనేది. ఆమె పోయి చాలా ఏళ్లయింది.

శనివారం, ఆదివారం పుంగనూరుకు ఫోన్లు చేస్తూనే ఉన్నాను. అమ్మతో ఒలిచిన వాళ్లలో ఒకామె పోయింది. ఒకామె బెంగుళూరులో కొడుకు దగ్గరుంది, మాటలు రెండు చెప్పింది గానీ వరస మర్చిపోయింది. సిగ్గు విడిచి పెద్దమ్మకూ చేశాను. "ఎవురు గుర్తు పెట్టుకున్నారే ఆ పాటలు" అంది. లోకంలోని పాటలన్నీ ఉన్నాయనే ఫోను చేతిలో పెట్టుకుని, మా అమ్మ పాట ఒక్కటి తేలేకపోయాను. పోనీ నువ్వే పాడు నాయనా అని సైగ చేశాను. "నేను పాడేది కాదు. నేను ఇనేది" అన్నాడు.

సోమవారం డాక్టరు పరీక్ష కాగితం చూసి తల అడ్డంగా ఊపాడు. చెప్పనక్కర లేకుండానే నాయనకు అర్థమైంది. నాకంటే ముందే లేచి నిలబడ్డాడు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సు పుంగనూరులో ఆ షెడ్డు ఉన్న చోటు మీదుగా వచ్చింది. ఇప్పుడక్కడ ఫంక్షన్ హాలుంది. నాయన కిటికీలోంచి చూస్తూ చూస్తూ, ఉన్నట్టుండి పాట ఎత్తుకున్నాడు. తన గొంతు తనకు వినపడదు కాబట్టి బస్సంతా అదిరేలా పాడాడు. ముందు సీట్లో ఒకడు వెనక్కి తిరిగి నవ్వాడు. నేను వాణ్ని చూసిన చూపుకు వాడు మళ్లీ తిరగలేదు. కండక్టరు వచ్చి, "పెద్దాయనకు ఏమైందమ్మా?" అన్నాడు. "పాడతాండాడు, కనపడలా?" అన్నాను.

ఫోనులో రికార్డు చేశాను. మాటలన్నీ ఉన్నాయి. ఉడత, గింజ, చిక్కం, అన్నీ. వరస మాత్రం ఒక చోట నిలవలేదు. ఒక చరణం ఎక్కినట్టు ఇంకో చరణం ఎక్కలేదు. ఎక్కడ దిగాలో తెలియక గొంతు ఎటో పోయి, ఎటో వచ్చింది. అసలు వరస ఆయన తలలో సరిగ్గానే ఉండి ఉంటుంది. అది బయటికి వచ్చే దారే లేదు.

పాడడం అయ్యాక నా వైపు తిరిగాడు.

"సరిగ్గా వచ్చిందామ్మా? మీయమ్మ పాడినట్టే ఉండాదా? నాకు ఇనపడలేదు."

ఆ పాటను నేను వినడం అదే మొదటిసారి. తల ఊపాను. ఆయన నమ్మాడు.