రేటు చెప్పాకే కోపీ

మా మామగారు ఇక లేరు. మూడు వారాల కిందట ఒక పొద్దున సెంగ్‌కాంగ్ స్టేషన్లో రైలెక్కబోతుంటే మా ఆయన ఫోన్ చేసి, "నాన్న లేవట్లేదు" అన్నాడు. వెనక్కి పరిగెత్తాను. ఫ్లాట్ తలుపు తీసే ఉంది. ఎనభై రెండేళ్ళ మనిషి, ఎవరిచేతా మంచినీళ్ళు కూడా తెప్పించుకోకుండా, నిద్రలోనే వెళ్ళిపోయారు.

మా ఫ్లాట్ల బ్లాకు కింద టెంటు వేసి ఉంచిన రెండు రోజులూ వచ్చిన జనాన్ని చూసి మా బంధువులు ఆశ్చర్యపోయారు. మలయ్ వాళ్ళు, చైనీస్ వాళ్ళు, తమిళులు, అంతా చేపలు పట్టేవాళ్ళు. ఒకప్పుడు తమ పడవలకు మామగారు చెప్పిన రేటు విని మొహం ముడుచుకున్నవాళ్ళే అందరూ. నాకు ఏడుపుతో పాటు గర్వమూ తన్నుకొచ్చింది.

ఆయన ఓడల యార్డులో వడ్రంగిగా చేసి రిటైరయ్యారు. వాళ్ళ తాత ఎప్పుడో విశాఖ వైపు నుంచి ఓడెక్కి ఈ దీవికి వచ్చాడట. మూడు తరాలయ్యేసరికి వాళ్ళింటి తెలుగులో తమిళమూ మలయూ, కూరలో ఉప్పులా కాదు, ఉప్పులో కూరలా ఉండేవి. రిటైరయ్యాక ఆయనకు తెలియకుండానే ఇంకో ఉద్యోగం వచ్చిపడింది. ఎవరైనా పాత చేపల పడవ అమ్మాలన్నా, కొనాలన్నా, న్యాయమైన రేటు చెప్పమని ఆయన్ని పిలిచేవారు. దానికి ఒక్క సెంటు తీసుకునేవారు కాదు.

ఆయన పద్ధతి ఆయనది. పడవ నీళ్ళలో ఉంటే చూడరు. ఒడ్డుకు లాగించాలి. చేతులు వెనక్కి కట్టుకుని ఒక చుట్టు తిరుగుతారు. ఆ తర్వాత సంచిలోంచి చెక్క సుత్తి తీసి, అంగుళం అంగుళం తడుతూ చెవి ఒగ్గుతారు. గట్టిగా ఉన్నచోట టక్కుమంటుంది, లోపల కుళ్ళినచోట మొద్దుగా పలుకుతుంది. ఇంజను నూనె చుక్క తెల్ల కాగితం మీద వేసి చూస్తారు. అది టే తారిక్, అంటే ఇక్కడి పాల టీ రంగులో ఉందంటే ఇంజనులోకి సముద్రం దూరినట్టే. అన్నిటికన్నా గట్టి నియమం ఇంకొకటి. రేటు చెప్పేదాకా ఇద్దరిలో ఎవరిచ్చిందీ పుచ్చుకోరు, కోపీ కూడా. కోపీ అంటే ఇక్కడి కాఫీ. చెప్పాక తానే ఇద్దరికీ కోపీ కొనిస్తారు.

"కోపీ ముందే తాగితే నాలుక తియ్యనవుద్ది అమ్మాయ్. తియ్యటి నాలుక నిజం చెప్పదు లా" అనేవారు, చివర ఇక్కడి ఊతపదం తగిలించి.

నేను ఉప్పాడ దగ్గర పుట్టినదాన్ని. మా నాన్న వేటకెళ్ళేవాడు. పడవల గురించి నాకు ఒకరు చెప్పేదేమిటన్న పొగరు ఉండేది. పెళ్ళైన ఏడాది, ఆయన వెంట వెళ్ళి, నీళ్ళ మీద నిగనిగలాడుతున్న నీలం పడవను చూసి, ఆయన నోరు తెరవకముందే "పడవ కొత్తదానిలాగే ఉంది మామయ్యా, ఎంతడిగినా ఇచ్చేయొచ్చు" అన్నాను. ఆయన దాన్ని ఒడ్డుకు లాగించి, అడుగున నన్నే తట్టమన్నారు. ఆ రంగు కింద పళ్ళెమంత అతుకు ఉంది.

"చీర చూసి పిల్లను ఖాయం చేసేశావు. కొత్త రంగు కనిపిస్తే పాత దెబ్బ వెతకాలమ్మా" అని నవ్వి సుత్తి నా చేతిలోనే ఉంచేశారు.

అప్పట్నుంచి పన్నెండేళ్ళు ఆదివారాలు ఆయన వెంటే తిరిగాను. "రేటు విన్నాక ఇద్దరూ కొంచెం మొహం ముడవాలి. ఒక్కడే నవ్వాడంటే మన లెక్క తప్పు" అన్నది ఆయన నేర్పిన మాటే.

రెండేళ్ళ కిందట మోకాళ్ళు మొరాయించి, సొంత పడవ అమ్మేద్దామనుకున్నారు. చాంగి తీరం వైపు ఉంచుకునే చిన్న ఫైబర్ పడవ. మా కింది అంతస్తులో ఉండే మలయ్ తమ్ముడు, స్కూలు బస్సు నడుపుతాడు, కొంటానన్నాడు. ఎనిమిది వేల డాలర్లు అనుకున్నారు. అతను బేరం కూడా ఆడలేదు. "పాక్ చిక్ బోట్ లా, వై చెక్?" అన్నాడు. పాక్ చిక్ అంటే వాళ్ళ భాషలో బాబాయి.

మామగారు ఒప్పుకోలేదు. "అమ్మేవాడు తన పడవకి తాను రేటు కట్టకూడదు. మా కోడలు చూస్తాది" అన్నారు.

బయల్దేరేముందు మా ఆయన నా చెవిలో, "నాన్న పడవ. మరీ ఎక్కువ తట్టకు" అన్నాడు. నాకూ అదే ఆశ. ఒడ్డు చేరగానే మామగారు ఫ్లాస్కు మూత తీసి నాకు కోపీ పోయబోయారు. పెద్దాయన చేత్తో ఇస్తుంటే కాదనడం ఎలా? అయినా అన్నాను.

"రేటు చెప్పాక తాగుతాను మామయ్యా."

ఆయన మూత పెట్టేశారు.

అడుగంతా టక్ టక్‌మంది. ఇంజను నూనె శుభ్రం. హమ్మయ్య అనుకుంటూ, ఇంజను బిగించే వెనక చెక్క మీద తట్టాను. మొద్దుగా పలికింది. పక్కన తట్టాను. అదే. బోల్టుల సందుల్లోంచి నీళ్ళు దిగి, ఫైబర్ లోపల చెక్క పూర్తిగా మెత్తబడిపోయింది. నడిసముద్రంలో ఇంజను ఊడి పడ్డా పడొచ్చు. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు, ఎనిమిది వేలు వస్తాయి. చెబితే, ఊరందరి పడవలకూ తీర్పు చెప్పిన మనిషి సొంత పడవ కుళ్ళు కనిపెట్టలేకపోయాడని కొనేవాడి ముందే చెప్పినట్టు. మామగారి వైపు తిరిగాను.

"వెనక చెక్క పోయింది మామయ్యా. మార్చడానికి మూడు వేలు పడుద్ది. దీని రేటు ఐదే."

మా ఆయన తల పట్టుకున్నాడు. మామగారు మెల్లగా వచ్చి, నా చేతిలో సుత్తి తీసుకుని మూడుసార్లు తట్టారు. సుత్తి తిరిగి నా చేతిలోనే పెట్టారు. తర్వాత మలయ్ తమ్ముడి వైపు తిరిగి, "ఫైవ్. మై డాటర్ సే ఫైవ్, మీన్స్ ఫైవ్" అన్నారు. కోడలనలేదు. పాత చెక్క మార్చాలని అతనూ మొహం ముడిచాడు, మూడు వేలు పోయి మా ఆయనా ముడిచాడు. లెక్క సరిపోయింది.

ఫ్లాస్కు తీద్దామని నేను వంగితే, ఆయన ఆపి, తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్ వైపు చెయ్యి చూపించారు. "ఇవాళ నువ్వు కొను అమ్మాయ్. రేటు చెప్పినోళ్ళే కొనాల." నలుగురికీ నేనే కోపీ కొన్నాను. నా డిగ్రీ పట్టా చూసి కూడా నేనంత పొంగిపోలేదు.

మొన్న ఆయన అస్థికలు సముద్రంలో కలపడానికి ఆ తమ్ముడే వచ్చి, "పాక్ చిక్ గో ఇన్ హిజ్ ఓన్ బోట్" అన్నాడు. అమ్మేశాక ఆ పడవను నేను మళ్ళీ చూడటం అదే మొదటిసారి. మా ఆయన కుండ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఎక్కబోతూ, అలవాటు కొద్దీ సంచిలోంచి సుత్తి తీసి వెనక చెక్క మీద తట్టాను.

టక్కుమంది.

"చేంజ్డ్ ఆల్రెడీ, కాక్. యూ సెడ్ త్రీ థౌజండ్, ఎగ్జాక్ట్ త్రీ థౌజండ్" అన్నాడతను. అక్కను కాక్ అంటారు వాళ్ళు.

ఇంజను వేశాడు. మామగారిని తీసుకుని కలపడానికి అనుమతి ఉన్న చోటు దాకా వెళ్ళాం. పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ నా అరచెయ్యి ఆ చెక్క మీదే ఉంది. ఇంజను అదురు చేతికి తెలుస్తోంది. చెక్క మాత్రం కదల్లేదు.